ఎక్సెల్ షీటుతో అమా దబ్లాం ఎక్కుతారా?

మన ఐటీ బాబులు కొందరు ఎవరెస్ట్ బేస్ క్యాంపు దాకా నడిచొచ్చి, "నెక్స్ట్ అమా దబ్లాం" అంటున్నారు. ప్లానేదీ అంటే ఎక్సెల్ షీటు తీస్తారు: పర్మిట్టు, షెర్పా, బూట్లు, సెలవులు. శిక్షణ అనే గడే లేదు! 6,812 మీటర్ల ఆ కొండంతా నిటారు రాయీ, మంచూ. అక్కడ నడక చాలదండీ.

2014 మే 25న ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ముందు ఎక్కింది మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని భువనగిరి గుట్ట. తర్వాత డార్జిలింగు, లడఖ్. పదమూడేళ్ళ పిల్లకి అన్ని మెట్లు కావాల్సొస్తే, కుర్చీకి అతుక్కుపోయిన మనకి ఒక్కటీ అక్కర్లేదా? వీకెండుకి మా పెద్దవూర మీదుగా సాగర్ కి కారేసుకొచ్చే బదులు భువనగిరి పొండి. ఉత్తరకాశిలో బేసిక్ కోర్సుకి సెలవు దొరకదట, కొండకి మాత్రం దొరుకుతుందట!

పైన మీరు ఇరుక్కుంటే, దించటానికి ప్రాణాలకి తెగించాల్సింది మీరు ఖర్చుల కింద రాసుకున్న ఆ షెర్పానే.