సీట్లతో పాటు ఓట్ల లెక్కా అచ్చువేయండి



ఒంటారియో ప్రావిన్స్ ఎన్నికల మీద మీ పత్రిక వేసిన పట్టికలో పార్టీల పేర్లు, వాటి ఎదుట సీట్లు మాత్రమే ఉన్నాయి. ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లు 80, న్యూ డెమొక్రాట్లు 27, లిబరల్స్ 14, గ్రీన్స్ 2, ఇండిపెండెంట్ 1. మొత్తం 124. అంకెల్లో తప్పేమీ లేదు. అయినా ఆ పట్టిక చూసినవాళ్లు లిబరల్స్ పని అయిపోయిందనే అనుకుంటారు. నిజానికి 2025 ఫిబ్రవరి 27న వాళ్లకు దాదాపు 30 శాతం ఓట్లు పడ్డాయి. ప్రధాన ప్రతిపక్షమైన న్యూ డెమొక్రాట్లకు వచ్చింది 18.5 శాతమే! ఓట్లలో రెండో స్థానం ఒకరిదైతే, సభలో రెండో స్థానం ఇంకొకరిదైంది. ఇంత పెద్ద సంగతి పాఠకులకు చేరలేదు.

ఇలా ఎందుకైందంటే, న్యూ డెమొక్రాట్ల ఓట్లు హామిల్టన్, లండన్, టొరంటో నడిబొడ్డు, ఉత్తరాది పట్టణాలు - ఇలా కొన్నిచోట్ల గంపగుత్తగా పడ్డాయి. లిబరల్స్ ఓట్లు ప్రావిన్స్ అంతటా పలచగా పరుచుకున్నాయి. మా మిస్సిసాగానే చూడండి. మేయరుగా మూడుసార్లు గెలిపించిన ఊళ్లోనే అప్పటి లిబరల్ నాయకురాలు బానీ క్రాంబీ ఓడిపోయారు. ఇక్కడి 6 స్థానాలూ డగ్ ఫోర్డ్ నాయకత్వంలోని ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లకే వెళ్లాయి. క్రాంబీకి ఓటేసినవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు, మా గుడిలోనూ కనిపిస్తారు. మీ పట్టికలో మాత్రం వాళ్ల జాడే లేదు.

ఓట్లకూ సీట్లకూ మధ్య ఇలాంటి తేడా మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతానికి పైగా ఓట్లు తెచ్చుకున్న పార్టీకి 175లో 11 సీట్లే దక్కాయి. అప్పుడు ఓట్ల శాతాల మీద ఎంత చర్చ జరిగిందో మీకు తెలుసు. అక్కడి ఎన్నికలకు పెట్టిన శ్రద్ధ, మనం పన్నులు కట్టి పిల్లల్ని చదివించుకుంటున్న చోటి ఎన్నికలకు ఎందుకు పెట్టకూడదు?

ఫోర్డ్ గెలుపును తక్కువ చేయాలని ఇది రాయడం లేదు. ఆయన పార్టీకి 43 శాతం ఓట్లు వచ్చాయి, తక్కినవాళ్లందరికంటే బాగా ఎక్కువ. వరసగా మూడోసారి పూర్తి మెజారిటీ తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. ప్రతి నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే ఈ పద్ధతిని మార్చాలా అని 2007లో ఒంటారియో ఓటర్లనే అడిగితే, 63 శాతం మంది వద్దన్నారు. ఆ తీర్పునూ గౌరవిస్తాను. మార్చాలన్నా, ఉంచాలన్నా ముందు లెక్క కళ్లెదుట ఉండాలి కదా.

ఇంకొక్క గడి కూడా పెట్టండి: పోలింగ్ శాతం. ఈసారి అది 45 దగ్గరే ఆగింది. అంటే 80 సీట్ల పార్టీకి ఓటేసింది, ఓటు హక్కున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒక్కరు. పౌరసత్వం వచ్చి కూడా పోలింగ్ రోజు ఇల్లు కదలని మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ అంకె తెలుగులో, పెద్ద అక్షరాల్లో వాళ్ల కంట పడాలి.

- మిస్సిసాగా నుంచి ఒక పాఠకుడు