లెరిచీ తీరాన ఒక పగలు

మా తమ్ముడు ఇటలీలోని పీసా నగరంలో పరిశోధన చేస్తున్నాడు. వేసవిలో అమ్మను వెంటబెట్టుకొని నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఆదివారం ఎక్కడికి పోదామన్న ప్రశ్న వచ్చింది. ఎనిమిదేళ్ళ మేనకోడలికి సముద్రం కావాలి. మరదలికి ఉదయం వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే చోటు కావాలి. అమ్మకు మెట్లు లేని చోటు కావాలి. నాకు మాత్రం లెరిచీ కావాలి.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవారికి ఆ పేరు కొత్త కాదు. ఆంగ్లకవి షెల్లీ తన ఆఖరి రెండు మాసాలు గడిపింది అక్కడే. కృష్ణశాస్త్రిగారిని ఆంధ్రా షెల్లీ అని పిలుచుకున్న జాతి మనది. కాబట్టి ఆ ఊరు మనకు మరీ పరాయిదేమీ కాదని వాదించి నా మాట నెగ్గించుకున్నాను. అక్కడ మెట్లు లేవని అమ్మకు చెప్పినమాట మాత్రం పూర్తిగా నిజం కాదు.

పీసా నుండి స్పేజియా వరకు రైలులో వెళ్ళాలి. దారిలో వియరెజ్జో, మాసా, కరారా స్టేషన్లు వస్తాయి. కరారా దగ్గర కొండలు తెల్లగా మెరుస్తుంటే, "ఇంత ఎండలో మంచేమిటిరా?" అని అమ్మ అడిగింది. "మంచు కాదమ్మా, పాలరాయి. మైకేలాంజెలో రాయి ఎంచుకోవడానికి ఇక్కడికే వచ్చేవాడు" అన్నాడు తమ్ముడు. ఆమె ఆ కొండలు కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నది.

లెరిచీకి రైలు లేదు. స్పేజియాలో దిగి బస్సు ఎక్కాము. నౌకాదళ స్థావరం ఉన్న ఊరది. ఓడలు, గోదాములు, ఎత్తయిన గోడలు. అవన్నీ దాటి ఒక మలుపు తిరగగానే అఖాతం కనిపించింది. కొండకొన మీద పాతకాలపు కోట, దాని పాదాల దగ్గర పసుపు, గులాబి, ఇటుక రంగుల ఇళ్ళు, నీళ్ళలో చిన్న చిన్న పడవలు. దీన్ని కవుల అఖాతమని పిలుస్తారు. ఆ పేరు కవులకంటే ఎక్కువగా హోటళ్ళవారికి అన్నం పెడుతున్నదేమోననిపించింది.

ఇటలీలో సముద్రస్నానమంటే మన మంగినపూడి తీరంలో వలె చెప్పులు విడిచి నీళ్ళలోకి నడవడం కాదు. తీరంలో చాలా భాగం వరుసలు వరుసలుగా గొడుగులు పాతి అద్దెకిచ్చేవారి చేతిలో ఉంటుంది. డబ్బు చెల్లిస్తే గొడుగు, పడక కుర్చీ ఇస్తారు. డబ్బులేనివారికి వదిలిన చోటు వేరే ఉన్నది. మేము అక్కడ దుప్పటి పరుచుకొన్నాము. మధ్యాహ్నం తమ్ముడు ఫరినాతా తెచ్చాడు. శనగపిండిని నీళ్ళతో కలిపి, ఆలివ్ నూనె ధారాళంగా పోసి, పెద్ద రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యి మీద కాదు, పొయ్యి లోపల కాలుస్తారు. అమ్మ ఒక ముక్క నోట వేసుకొని, "కాస్త వాము పడవలసింది" అని తీర్పు చెప్పి, ఇంకో ముక్క తీసుకున్నది.

ఎండ తగ్గాక లెరిచీ నుండి సాన్ తెరెన్జో వరకు సముద్రం ఒడ్డున ఉన్న బాట వెంట నడిచాము. దూరం రెండు కిలోమీటర్లకు మించదు. అమ్మ మోకాళ్ళ కోసం ప్రతి బెంచీ దగ్గరా ఆగాము. ఆ చివర విల్లా మాన్యీ ఉన్నది. తెల్లటి ఇల్లు, కింద కమానుల వసారా. షెల్లీ కుటుంబం అద్దెకున్ననాడు అలలు నేరుగా ఆ కమానులకు తగిలేవి. ఇప్పుడు ఇంటికీ నీటికీ నడుమ రోడ్డు వేశారు.

ఆ రోడ్డు వారగా గోడ మీద కూర్చొని అమ్మకు కథ చెప్పాను. 1822 మే నెలలో వచ్చారనీ, జూన్ 16న భార్య మేరీకి గర్భస్రావమై ప్రాణం మీదికి వస్తే, డాక్టరు వచ్చేలోగా షెల్లీ ఆమెను మంచుగడ్డలలో కూర్చోబెట్టి రక్తం ఆపాడనీ చెప్పాను. "తెలివిగలవాడే" అన్నది అమ్మ. జూలై మొదట్లో మిత్రుణ్ణి కలవడానికి అతను పడవలో లివోర్నో వెళ్ళాడు. 8వ తేదీ మధ్యాహ్నం తిరుగు ప్రయాణమయ్యాడు. గాలివాన వచ్చింది. పడవ మునిగింది. అతనికి ఈత రాదు. ముప్ఫై ఏళ్ళు నిండడానికి ఇంకా నెలరోజులు కూడా లేవు. కొన్నాళ్ళకు శవం వియరెజ్జో దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జేబులో ఉన్న కీట్సు కవితల పుస్తకం గుర్తుపట్టడానికి సాయపడింది. సముద్రం తెచ్చిన శవాలను అంటురోగాల భయంతో సున్నం వేసి ఇసుకలోనే పూడ్చాలని అప్పటి చట్టం. తరువాత అనుమతి సంపాదించి ఆగస్టు 16న ఆ తీరంలోనే దహనం చేశారు. బైరన్ అక్కడే ఉన్నాడు.

అమ్మ అంతా విన్నది. "పడవలో ఎందరున్నారే?" అని అడిగింది.

"ముగ్గురు. షెల్లీ, అతని స్నేహితుడు విలియమ్స్, ఇంకా ఒక కుర్రవాడు."

"ఆ కుర్రవాడెవరు?"

పేరు చార్లెస్ వివియన్. పడవపని చేయడానికి పెట్టుకున్న పద్ధెనిమిదేళ్ళ ఇంగ్లీషు పిల్లవాడు. మూడు వారాల తరువాత వేరేచోట ఒక అస్థిపంజరం దొరికితే అది అతనిదే కావచ్చునని ఇసుకలో పూడ్చిపెట్టినట్లు షెల్లీ మిత్రుడు ట్రెలానీ రాశాడు. అది మాసా వైపు తీరం. విల్లా మాన్యీ గోడ మీది శిలాఫలకంలో షెల్లీ పేరున్నది, అతని కోసం ఎదురుచూసిన ఇద్దరు స్త్రీల పేర్లున్నవి. ఈ పిల్లవాడి పేరు లేదు.

అమ్మ కొంతసేపు మాట్లాడలేదు. మేనకోడలు తడిసిన గౌనుతో వచ్చి, "నానమ్మా, నువ్వూ నీళ్ళలోకి రా" అని చెయ్యి పట్టుకు లాగింది. "నాకు సముద్రం పడదమ్మా" అన్నది. మాకది తెలిసిన మాటే. కారణం మాత్రం దివిసీమ ఉప్పెన అన్నంతవరకే తెలుసు. మిగిలినది ఆ సాయంకాలం చెప్పింది.

1977 నవంబరు 19. నేను కడుపులో ఉండగా పురిటికని పుట్టింటికి వచ్చి ఉన్నది. గాలి ముదిరాక అందరూ డాబా మీది గదిలోకి చేరారు. గొడ్లసావిడిలో గేదెలు అరుస్తున్నాయి. పలుపులు కోసి రమ్మని తాతయ్య పాలేరు కుర్రవాణ్ణి కిందికి పంపాడు. నీళ్ళు గోడలా వచ్చాయి. ఆ ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. మా ఇంటివాళ్ళందరూ బతికారు. "ఇంట్లో అందరూ క్షేమం" అని తాతయ్య నాన్నకు ఉత్తరం రాశాడట. ఆ ఉత్తరం ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నది. నేను ఎన్నోసార్లు చదివాను.

"గేదెలు రెండు దొరికాయి. వాడు దొరకలేదు" అన్నది అమ్మ.

"పేరేమిటమ్మా?" అన్నాడు తమ్ముడు.

"అబ్బాయ్ అనే పిలిచేవాళ్ళం. అమ్మకు తెలుసునేమో."

అమ్మమ్మ పోయి పన్నెండేళ్ళయింది.

నా సంగతీ చెప్పాలి. చాలాకాలం కిందట ఒక పత్రిక కోసం షెల్లీ మరణం గురించిన వ్యాసమొకటి తెలుగు చేశాను. ఇచ్చిన స్థలంలో ఇమడడం లేదు. పేరాలు తగ్గించడానికి మనసొప్పక, అక్కడొక పదం, ఇక్కడొక వాక్యం కోసుకుంటూ పోయాను. అలా కోసినవాటిలో వివియన్ పేరున్న వాక్యం ఒకటి. అచ్చులో "షెల్లీ, అతని మిత్రుడు మునిగిపోయారు" అని వచ్చింది. ఏ పాఠకుడూ ఉత్తరం రాయలేదు. పని చక్కగా కుదిరిందనే అనుకున్నాను. మూలంలో ముగ్గురున్నారు, నా తెలుగులో ఇద్దరే. అనువాదంలో తప్పులంటే మాటకు మాట కుదరకపోవడమేనని ఇన్నాళ్ళూ చర్చలు చేసినదాన్ని. ఆ గోడ మీద కూర్చొని అమ్మతో ఈ సంగతి చెబితే, ఆమె ఏమీ అనలేదు. నా భుజం పట్టుకొని లేచింది.

తిరుగు రైలులో మేనకోడలు నిద్రపోయింది. మాసా స్టేషన్లో బండి ఒక్క నిమిషం ఆగింది. చీకటి పడుతున్నది. ప్లాట్‌ఫారం మీది దీపాలు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"సముద్రం అటేనా?" అని అమ్మ అడిగింది.

"అటే. కొంచెం దూరం."

బండి కదిలింది. ఆమె అద్దానికి నుదురు ఆనించి చూస్తూ, "వాడి ఊరేదో కూడా అడగలేదే మేము" అన్నది.