మణికట్టు విరిగితే "వంటెట్ల?" అని అడగొద్దు

పోయిన కార్తీకంలో ఒకరోజు తెల్లవారుజామున మా అత్తమ్మ స్నానాల గదిలో జారిపడ్డారు. పడేటప్పుడు ఎవరమైనా చేసే పనే ఆవిడా చేశారు, నేలకు చెయ్యి ఆనించారు. "ఏం గాలే బిడ్డా, జెర బెణికింది గంతే" అని పసుపు, సున్నం కలిపి పట్టు వేసుకుని దేవుడి దగ్గర దీపం కూడా పెట్టారు. పొద్దెక్కేసరికి మణికట్టు బూరెలా పొంగింది. పక్కనుంచి చూస్తే చెయ్యి వంగిన గరిటెలా ఉంది. మొయినాబాద్ నుంచి కారులో తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాం. ఎముక విరిగింది, ఆరు వారాలు పిండికట్టు ఉంచాలన్నారు.

విషయం తెలిసి ఫోన్ చేసిన చుట్టాల్లో సగం మంది మొదట అడిగింది, "అయ్యో, మరి వంటెట్ల? రొట్టెలెవరు చేస్తున్నరు?" అని. అత్తమ్మకు 62 ఏళ్లు. ఇప్పటికీ మా ఇంట్లో జొన్నరొట్టె ఆవిడ చేతిదే.

అదే పక్షంలో మా ఎదురు ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్ భార్య కూడా పడింది. ఒడిశా నుంచి వచ్చి రెండేళ్లయింది. చామంతి పూలు కోసి గంప ఎత్తుకుని వస్తుంటే డ్రిప్ పైపు కాలికి తగిలింది. నాలుగో రోజు నాకు కనబడేసరికి మణికట్టు చుట్టూ వెదురు బద్దలు, గుడ్డకట్టు, ఇంకో చేత్తో పూలు కోస్తూ ఉంది. "ఏమైంది?" అంటే "గిర్ గయీ దీదీ" అని నవ్వింది. నేను "అయ్యో" అన్నాను. అని ఇంట్లోకి వచ్చేశాను. ఆ అయ్యో గురించే ఈ రాత.

రెండు చేతుల్లో విరిగింది ఒకటే చోట. ఈ విరుగుడును 1814లో అబ్రహాం కాలిస్ అనే ఐరిష్ సర్జన్ వివరించాడు. అప్పటికి ఎక్స్‌రే అన్నదే లేదు, అది వచ్చింది 1895లో. ఇప్పటికీ డాక్టర్లు దీన్ని కాలిస్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో ఎముకలు త్వరత్వరగా పలచబడతాయి. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతోంది, పడమటి దేశాల్లో 51 దాకా పడుతుంది. అంటే మన ఎముకలకు ఆ రక్షణ కొన్నేళ్ల ముందే పోతుంది. నిలబడినచోటి నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే అది చేతి ఒక్కదాని సంగతి కాదు. తర్వాత వెన్నుపూసకో, తుంటికో వచ్చే ప్రమాదాన్ని ఇది ముందుగా చెబుతోంది. మనం మాత్రం "వంటెట్ల" దగ్గరే ఆగిపోతాం.

స్వీడన్‌లో ఇలాంటివి లెక్క పెడతారు. అక్కడే పుట్టినవాళ్లకూ, బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకూ ఎముకలు విరగడంలో తేడా ఎంత అని పరిశోధనలు చేశారు. మొత్తం మీద బయటి నుంచి వచ్చినవాళ్లకే తక్కువ విరుగుతున్నాయని తేలింది. ఇది చదివి నాకు ఆశ్చర్యమేసింది. తర్వాత ఆలోచిస్తే, ఈ మాటను తెచ్చి మన దగ్గర అతికించకూడదనిపించింది. దేశం దాటి పోగలిగినవాళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ ఉంటారు. పైగా మంచు దేశాల్లో పుట్టినవాళ్లకు తుంటి ఎముక విరగడం లోకంలోకెల్లా ఎక్కువ. చేవెళ్ల పూలతోటలకు పొట్టచేత పట్టుకుని వచ్చినామెకూ ఆ లెక్కకూ పొంతన లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం పేదింటి ఆడవాళ్ల ఎముకలను పరీక్షించి 2005లో ప్రచురించింది. పడమటి దేశాల ఆడవాళ్లతో పోలిస్తే వాళ్ల ఎముకల సాంద్రత బాగా తక్కువగా ఉంది. కష్టం చేసే ఒళ్లు గట్టిగా ఉంటుందన్న మాట కడుపునిండా తిండి ఉంటేనే నిజం.

అసలు వలస వచ్చినవాళ్లంటే ఎవరు? మా మొయినాబాద్ మండలంలోనే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చడానికి 108. పిల్లలకు వీసా వచ్చిన కొన్నేళ్లకు కాన్పు చెయ్యడానికని తల్లులు బయల్దేరతారు. ఇక్కడ గట్ల మీద ఒడుపుగా నడిచిన మనిషే అక్కడ మంచు పేరుకున్న మెట్ల మీద అడుగు వెయ్యడానికి భయపడుతుంది.

అంత దూరం ఎందుకు? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఉన్నచోటు మారినవాళ్లు 45 కోట్లకు పైనే. అందులో దాదాపు మూడింట రెండొంతులు ఆడవాళ్లు. ఎక్కువమంది చెప్పిన కారణం పెళ్లి. మా అత్తమ్మ చేవెళ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చారు, నేను ఇంకో ఊరి నుంచి వచ్చాను. మనమందరం వలస వచ్చినవాళ్లమే. కొత్తచోట నేల కొత్త, వెలుతురు కొత్త, ఏ ఆసుపత్రికి పోవాలో తెలియదు, "కూర్చో, నేను చేస్తా" అనే మనిషి ఉండదు. చెయ్యి విరగడంలోనూ, విరిగాక అతకడంలోనూ పుట్టిన ఊరి కంటే వీటి పాత్రే ఎక్కువని నా అభిప్రాయం.

మా ఇంటి సంగతే చూడండి. పాత ఇంట్లో తాండూరు బండలు, గరుకుగా ఉండేవి. అందంగా ఉంటాయని నునుపు టైల్స్ వేయించింది నేనే. ఇప్పుడు రబ్బరు చాప వేశాం, గోడకు పట్టుకునే కడ్డీ బిగించాం, రాత్రంతా చిన్న లైటు వెలుగుతుంది. పడకముందే చేసి ఉండాల్సిన పనులివి.

తిండి సంగతి కూడా చెప్పాలి. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నెలసరి ఆగిన ఆడవాళ్లకైతే 1200. గ్లాసు పాలలో ఉండేది 240 దాకా. వంద గ్రాముల రాగిపిండిలో 350 దాకా. నువ్వులు, మునగాకు కూడా మంచివే. మన ఇళ్లలో పాలు పిల్లలకు, పెరుగు మగవాళ్లకు పోగా మనకు మిగిలేది చాయ్. యాభై దాటాక చిన్నగా పడితే ఎముక విరిగిందనుకోండి, కట్టు విప్పించుకుని వచ్చేయకండి. ఎముకల సాంద్రత పరీక్ష, విటమిన్ డి గురించి డాక్టర్‌ను అడగండి. ఏ కట్టయినా సరే, కింద వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగిపోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

అత్తమ్మ కట్టు విప్పారు. రబ్బరు బంతి నొక్కుతూ, వేళ్లు ఆడిస్తూ సంక్రాంతికి మళ్లీ రొట్టె తట్టారు. ఎదురింటామె చెయ్యి మాత్రం వంకరగా అతికింది. తడిబట్ట పిండలేదు. అత్తమ్మను తీసుకెళ్లిన కారులో ఇంకో సీటు ఖాళీ ఉంది. ఎదురింట్లో ఏం జరిగిందో నాకు అప్పటికి తెలియదు నిజమే. కానీ నాలుగో రోజు తెలిసింది. ఆ రోజు తీసుకెళ్లినా బాగుపడేదేమో. చేవెళ్లలో ప్రభుత్వాసుపత్రి ఉంది, ఆమెకు కావలసింది దారి, మాట చెప్పే మనిషి, ఆరు వారాలు కోత పెట్టని కూలి. ఈ మూడింట్లో రెండు నా చేతుల్లోనే ఉన్నాయి, మూడోదానికి ఆ తోట యజమానితో ఒక మాట మాట్లాడితే పోయేది.

ఈ మధ్య అత్తమ్మే ఆమెను పిలిచి రాగిజావ ఇస్తున్నారు. "నాకైతె నువ్వున్నవ్. దానికెవరున్నరే?" అన్నారు నాతో. నా దగ్గర జవాబు లేదు.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో గానీ, మీ ఇంటికి పనికొచ్చే మనిషికి గానీ చెయ్యి విరిగితే వంట సంగతి తర్వాత. "ఎక్స్‌రే తీయించావా? పద, నేనొస్తా" అనండి.