పెద్ద చదువుల గేటు మూసింది ఫీజు ఒక్కటేనా?

ఏటా మొహర్రం మాసంలో నెల్లూరు బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి ఎందరో తల్లులు చదువు రొట్టె అందుకుంటారు. వారిలో మన అమ్మలు ఉంటారు, హిందూ సోదరీమణులూ ఉంటారు. అందరి కోరికా ఒకటే: బిడ్డ పెద్ద చదువు చదవాలి. కానీ అదే తల్లి ఇంటికి వచ్చాక ఐఐటీ దరఖాస్తు మాట ఎత్తితే, ‘అవి మనబోటి వాళ్లకు కావు’ అంటుంది. ఆమెకు ఆ మాట నేర్పింది ఎవరు?

ముస్లింలకు చదువుపై ఆసక్తి లేదనే నింద పాతది. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన లెక్క వేరే సంగతి చెబుతున్నది. దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మందిలో ఒక్కరు, పీజీ స్థాయిలో ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ కమిటీ తేల్చింది. ఆసక్తి లేకపోవడం కాదు, మెట్టు మెట్టుకూ జారిపోవడం అది. కేంద్రం వారి ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2019-20లో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థులు మరుసటి ఏడాదికి 19.21 లక్షలకు తగ్గారు. జనాభాలో 14 శాతం ఉన్నవారు ఉన్నత విద్యలో 4.6 శాతం!

ఈ లెక్క చూసిన ప్రభుత్వం నిచ్చెన వేయాలి. వేసిన నిచ్చెనను లాగేసింది. 2022 చివరి రెండు నెలల్లోనే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఉన్న మైనారిటీ ఉపకార వేతనం ఆగింది, పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఆగింది, విదేశీ చదువుల రుణంపై వడ్డీ భరించే ‘పఢో పరదేశ్’ ఆగింది. 1951లో ఖరగ్‌పూర్‌లో దేశపు తొలి ఐఐటీని ప్రారంభించినవారు మౌలానా ఆజాద్. ఆయన జన్మదినాన జాతీయ విద్యా దినోత్సవం జరుపుతూనే, ఆయన పేరిట ఉన్న ఫెలోషిప్‌ను రద్దు చేశారు.

ఇప్పుడు చూపుతున్న దారి అప్పు. 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం పేరున్న విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి హామీ లేని రుణం ఇస్తుంది, కొందరికి వడ్డీలో మూడు శాతం రాయితీ ఇస్తుంది. వడ్డీకి దూరంగా ఉండాలని ఈమాన్‌తో నమ్మే కుటుంబానికి గ్రాంటు తీసేసి రుణం ఇవ్వడం, ఆకలిగొన్నవాడికి తినలేని అన్నం పెట్టడమే.

ఇక మా తప్పు కూడా చెప్పుకోవాలి. ముప్పై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో దరఖాస్తుల మధ్య బతికిన మేము, ఉద్యోగ విరమణ తర్వాత అసర్ నమాజు ముగిశాక మసీదు వసారాలో పిల్లలకు ఫారాలు నింపి పెడుతున్నాము. మూడేళ్ల క్రితం కృష్ణపట్నం వైపు నుంచి ఒక రొయ్యల చెరువు కాపలాదారు కుమారుడు వచ్చాడు. షేక్ కుటుంబం, చేతిలో బీసీ-ఇ సర్టిఫికెట్. జేఈఈ ఫారంలో ‘ఓబీసీ’ గడి నింపింది మా చేయే. కౌన్సెలింగ్‌లో ఆ సర్టిఫికెట్ చెల్లలేదు. పిల్లవాడు జనరల్ కేటగిరీలో పడ్డాడు, సీటు పోయింది. ‘పర్లేదు దాదా’ అని వాడే మమ్మల్ని ఓదార్చాడు.

2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్ రాష్ట్రానికే పరిమితం. దూదేకుల సోదరులు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నారు, షేకులు లేరు. అయితే కేంద్ర జాబితాలో లేనివారికి కేంద్ర సంస్థల్లో ఈడబ్ల్యూఎస్ కోటా వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండాలి, భూమి, ఇంటి పరిమితులు దాటకూడదు. ఏప్రిల్ ఒకటి తర్వాత తహశీల్దారు ఇచ్చిన ఆ ఏటి సర్టిఫికెట్ కావాలి. ఈ నాలుగు ముక్కలు తెలియక ఒక జీవితం దారి తప్పింది. ఇతర పథకాలున్నాయి కనుక ఆజాద్ ఫెలోషిప్ అక్కరలేదన్న పాలకులను అడుగుతున్నాము: కేంద్ర జాబితాలోనే లేని షేక్ బిడ్డకు ఓబీసీ పథకం ఏ దారిన అందుతుంది?

ఫీజు భయమూ సగం అజ్ఞానమే. 2016లో ఐఐటీ ఫీజును ఏడాదికి 90 వేల నుంచి రెండు లక్షలకు పెంచినప్పుడే, లక్ష లోపు ఆదాయమున్న కుటుంబాలకు పూర్తి మినహాయింపు, ఐదు లక్షల లోపు వారికి మూడింట రెండు వంతుల మినహాయింపు పెట్టారు. హాస్టలు, భోజనం ఖర్చులు మిగులుతాయి, నిజమే. కానీ పేరు లేని ప్రైవేటు కాలేజీకి అంతకు మించి కడుతున్న ఇళ్లు మన వీధుల్లోనే ఉన్నాయి. చదువు కోసం వడ్డీ హరామ్ అని వెనకాడే మనమే, వలీమా విందు కోసం నగలు కుదువ పెట్టి వడ్డీ కడుతున్నాము. ఇది దీన్ అనిపించుకుంటుందా?

శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తే మన తీరపు పల్లెల పిల్లలు మిద్దెలెక్కి చూస్తారు. 1980లో అక్కడి నుంచి ఎస్ఎల్వీ-3ని పంపిన అబ్దుల్ కలాం, మద్రాసు ఎంఐటీలో చేరడానికి అక్క జొహరా తన గాజులు, గొలుసు కుదువ పెట్టారు. ఆ త్యాగాన్ని సభల్లో పొగడడం సులువు. స్వతంత్ర దేశంలో ఇంకా అక్కల గాజులే స్కాలర్‌షిప్పులు కావాలా?

కనుక మా డిమాండ్లు మూడు. నిలిపివేసిన ఉపకార వేతనాలను కేంద్రం తిరిగి ఇవ్వాలి. బీసీ-ఇ వర్గాలను కేంద్ర ఓబీసీ జాబితాలో చేర్చాలని రాష్ట్రం గట్టిగా అడగాలి. జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయం జేఈఈ, నీట్, సీయూఈటీ దరఖాస్తుల వేళ ప్రతి మండలంలో సహాయ కేంద్రం తెరవాలి.

మసీదు కమిటీలకు ఒక్క విన్నపం: జుమా నాడు చందా ప్రకటనతో పాటు దరఖాస్తుల గడువు తేదీలూ చదివించండి. జకాత్‌కు అర్హులైన పేద విద్యార్థుల హాస్టలు ఖర్చుకు అందులో వాటా కేటాయించండి. చదువు రొట్టె అందుకున్న తల్లి తన మొక్కు తాను తీర్చుకుంటుంది. ఆమె బిడ్డ ఫారంలో సరైన గడి నింపించే బాధ్యత మనది. మేము ఒకసారి తప్పాము. మరో బిడ్డ విషయంలో తప్పే హక్కు మనలో ఎవరికీ లేదు.