పాఠాలు చాలు, పెత్తనం ఇవ్వండి

మొన్న మామిడి సీజన్ ఆఖర్లో, రెడ్డిగూడెంలో కాయల కాటా దగ్గర ఒక తోట ఆసామి తీర్పు చెప్పేశాడు: "ఈ యానాదోళ్ళకి అవగాహన లేదండీ. ఆస్పత్రి ఉంది, అంబులెన్సు ఉంది, కాన్పు ఉచితం. అయినా నొప్పులు ముదిరేదాకా రారు." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అధికారులు, డాక్టర్లు, పత్రికలవాళ్ళు, సేవాసంస్థలవాళ్ళు ఏళ్ళ తరబడి ఇలాగే తలలూపుతున్నారు.

అవగాహనట! తోటలో కాపలా ఉండే కుటుంబానికి తోట చేతులు మారితే గుడిసె కూడా మారుతుంది. ఇప్పుడు ఏ ఊరి ఆశా కార్యకర్త లెక్కలోకి వస్తారో, ఏ అంగన్‌వాడీలో పేరు రాయించుకోవాలో ఎవరూ చెప్పరు. ఆధార్ ఏదని మాత్రం అందరూ అడుగుతారు. చూలాలు ఒక పూట నాగా పెట్టి నూజివీడు ఆస్పత్రికి వెళ్ళొస్తానంటే కూలి కోసేది ఎవరు? ఆ కోసినవాడే వచ్చి ఆమెది అజ్ఞానం అంటాడు.

పక్కనే ఏ.కొండూరు తండాలున్నాయి. కిడ్నీలు పోతున్నాయి, నీళ్ళు మార్చండి బాబూ అని అక్కడి లంబాడాలు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. జబ్బు సంగతి ముందు తెలిసింది వాళ్ళకే, ఆఫీసుల చెవికెక్కడానికే కాలం పట్టింది. అది వేరే గొడవ అనుకోండి. అంత వేరేదీ కాదు.

గిరిజనులు నమ్మి మన దగ్గరికి వచ్చినప్పుడు మనం చేసిన నిర్వాకం ఏమిటి? 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. పిల్లల్లో ఎందరో గిరిజన హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవాళ్ళు. తర్వాత విచారణలో 9,543 అంగీకార పత్రాలు తిరగేస్తే 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు తేలాయి. వార్డెన్ సంతకం పడ్డచోట అమ్మ లేదు, నాన్న లేడు. గూడేన్ని అడగాలన్న ఊహే ఎవరికీ రాలేదు. 2010 ఏప్రిల్‌లో ఆపారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తూర్పారబట్టింది. టీకా చెడ్డదని నేననను, మంచిదే. పిల్ల ఒంట్లో సూది దించడానికి వార్డెన్ సంతకం చాలనుకున్న పొగరు సంగతే నేను చెబుతున్నది. ఈ దేశంలో ఏ కాన్వెంటు పిల్ల విషయంలోనైనా అలా చేయగలరా? చేస్తే మర్నాటికి స్కూలు గేటు మిగులుతుందా?

చట్టం లేదా అంటే, ఉంది. ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలని 1996 నాటి పీసా చట్టం చెబుతోంది. 2011లో రాష్ట్రం నియమాలు కూడా చేసింది. మరి ఏఎన్ఎం ఎందుకు రాలేదని సంజాయిషీ అడిగే ధైర్యం ఏ గ్రామసభకు మిగిల్చారు? పాడేరు కొండల్లో నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చే ఫోటో మాత్రం ప్రతి వానాకాలం పేపర్లో పడుతుంది. రెడ్డిగూడెంది ఇంకా అన్యాయం. ఇక్కడ షెడ్యూలు ప్రాంతమే లేదు కనక యానాదుల వంటి మైదాన గిరిజనులకు ఆ కాగితం మీది హక్కు కూడా లేదు.

గ్రామసభలో కూర్చునేది మగపెద్దలే కదా, ఆడవాళ్ళ కాన్పులు వాళ్ళ చేతిలో పెడతారా అంటారు. అందుకు ఉదాహరణా ఉంది: 2006లో అమెరికాలోని సౌత్ డకోటా గర్భస్రావాన్ని నిషేధించబోతే, మా నేల మీద క్లినిక్ పెడతానన్న ఓగ్లాలా సూ తెగ అధ్యక్షురాలు సిసీలియా ఫైర్ థండర్‌ను సొంత కౌన్సిలే దింపేసింది. నిజమే. అయితే మన శాసనసభలో మగవాళ్ళు ఎందరో కూడా లెక్కపెట్టండి. ఇద్దరికి మించి కంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దని 1994లో చట్టం చేసిందీ, 2024లో దాన్ని ఎత్తేసిందీ ఆ సభే. దాని పెత్తనం చెల్లినప్పుడు గూడెం పెత్తనం ఎందుకు చెల్లదు?

గూడెం ఆడవాళ్ళతోనే ఒక సంఘం, తోట మారినా వెంట వచ్చే ఆరోగ్య కార్డు, పరీక్షకు పోయిన పూట కూలి కావాలి. మిగతాది వాళ్ళే చెబుతారు. ముందుగా ఒక పని చేయండి: కొండల్లోనూ మైదానంలోనూ వచ్చే గ్రామసభ ఎజెండాలో మొదటి అంశంగా ఏఎన్ఎం హాజరు పట్టీ పెట్టించండి, దాని మీద ఆ ఆడవాళ్ళ సంతకం ఉంటేనే జీతం బిల్లు కదలాలని కలెక్టర్లు ఉత్తర్వు ఇవ్వాలి.