ఊరి కాగితం ఊరి చేతిలో ఉండాలి

ఏలూరు: కొల్లేటి లంక గ్రామాలలో నలుగురు కూడితే కాంటూరు మాట రాక మానదు. "మూడో కాంటూరుకు తగ్గించేశారట" అని ఒకరు, "లేదు, అయిదే ఉంచారట" అని మరొకరు. ఈ 'అట'లను నమ్ముకొనే చెరువులు లీజుకు పోతున్నాయి, అప్పులు పుడుతున్నాయి. అసలు కాగితాన్ని కళ్ళారా చూసినవారు మాత్రం అరుదు.

ఆ కాగితం రహస్యమేమీ కాదు. 1999 అక్టోబరు 4న వెలువడిన 120వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు అది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతాన్ని అది వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రాంసార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. గీతను 3 అడుగులకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ సంఘం అందుకు సమ్మతించలేదు.

తీర్మానం వేరు, ఉత్తర్వు వేరు. జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు లేనిదే అభయారణ్యం హద్దు జరగదని చట్టం చెబుతున్నది. ఈ తేడా తెలియని రైతు దగ్గర "తీర్మానం అయిపోయిందండీ, ఇక భయం లేదు" అని బేరం కుదుర్చుకొనే మధ్యవర్తికి కొదవ ఉండదు. కాగితం చేతిలో ఉన్నవాడిని మోసగించడం అంత తేలిక కాదు.

అందుచేత ప్రతి పంచాయతీకి, కనీసం నాలుగైదు లంక గ్రామాలకు కలిపి ఒక చిన్న వెబ్‌సైటు ఉండాలి. ఊరికి సంబంధించిన కాగితాలను ఎవరైనా అందులోనుంచి తమ ఫోనులోకి దించుకొనే వీలుండాలి. పెళ్ళి ఫొటోలు, జాతర వీడియోలు ఇంటింటికీ చేరుతున్న ఈ రోజుల్లో ఊరి భవిష్యత్తును నిర్ణయించే కాగితం చేరకపోవడం విచారకరం.

చూపిస్తే చాలదు, ఇవ్వాలి

"అన్నీ ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్నాయి కదా!" అని కొందరు అనవచ్చు. ఉన్నాయి, నిజమే. అడంగలు, 1-బి చూసుకొనేందుకు 2015లో 'మీ భూమి' వచ్చింది. పంచాయతీ ప్రణాళికలు, ఖర్చులు చూసేందుకు 2020లో 'ఇ-గ్రామస్వరాజ్' వచ్చింది. అయితే పైనున్న తలుపు ఎల్లకాలం తెరిచి ఉంటుందన్న భరోసా లేదు. ప్రభుత్వ ఉత్తర్వులను అందరికీ కనిపించే వెబ్‌సైటులో పెట్టడాన్ని 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. 2024 ఆగస్టులో గాని ఆ ఆనవాయితీ తిరిగి మొదలు కాలేదు. ఈ మూడేళ్ళ అనుభవం నేర్పిన పాఠం ఒక్కటే: ఊరికి కావలసిన కాగితం ప్రతి ఊరిలోనే భద్రంగా ఉండాలి.

పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కైకలూరు, మండవల్లి మండలాలు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలో చేరాయి. ఆకివీడు పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. చెరువు ఒక్కటే అయినా కచేరీలు వేరు. పాత కాగితం కోసం మచిలీపట్నం పోవాలా, ఏలూరు పోవాలా అన్న సందిగ్ధంలో కూలి నష్టపోయేది బీదవాడే.

అడిగే హక్కు ఉన్నది

ఇది ఒకరి దయాధర్మం కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ప్రజలు అడగక ముందే కార్యాలయాలు తమ సమాచారాన్ని ప్రకటించాలి. అది స్థానిక భాషలో ఉండాలని కూడ అందులోనే ఉన్నది. అడగవలసి వస్తే మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఈ చట్టం వెనుక పల్లె ప్రజల పట్టుదల ఉన్నది. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్ పట్టణంలో రైతులు, కూలీలు 40 రోజులు ధర్నా కూర్చున్నారు. పంచాయతీ పనుల బిల్లుల నకళ్ళు ఇమ్మన్నదే వారి కోరిక.

ఊరిలో ఒకరు దరఖాస్తు పెట్టి తెచ్చిన నకలును వెబ్‌సైటులో పెడితే మిగిలినవారు మళ్ళీ తిరగనక్కరలేదు. ఒకరి శ్రమ ఊరందరికీ అక్కరకు వస్తుంది.

ఎలా పెట్టాలి?

వంద కాగితాలు అక్కరలేదు. 120వ నంబరు ఉత్తర్వు, సర్వే నంబర్లతో కాంటూరు పటం, గ్రామసభ తీర్మానాలు, పంచాయతీ జమాఖర్చులు, పింఛను, ఇళ్ళ దరఖాస్తు ఫారాలు ఉంటే చాలు. ప్రతి కాగితం పక్కన అది ఏమిటో, ఏ తేదీదో, ఏ కార్యాలయం నుంచి వచ్చిందో తెలుగులో రెండు ముక్కలు రాయాలి. ఊరూపేరూ లేని కాగితం పుకారుతో సమానం.

పెట్టే తీరులో కూడ జాగ్రత్త అవసరం. కార్యాలయాలలో పాత అను లిపిలో టైపు చేసిన ఫైలును ఉన్నదున్నట్టు పంపితే ఫోనులో అక్షరాలు పిచ్చి గీతల్లా కనబడతాయి. దానిని పి.డి.ఎఫ్.గా మార్చి పెట్టాలి. యూనికోడ్‌లో ఉంటే మరీ మంచిది. పెద్ద ఫొటోల ఫైలు సిగ్నలు అందీ అందని లంకలో దిగదు. ఫైలు చిన్నదిగా ఉండాలి. చదవలేనివారి కోసం ఒక నకలు సచివాలయం గోడ మీద అంటించి, వారానికి ఒకసారి పైకి చదివి వినిపించాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఊరి కాగితం వేరు, ఇంటి కాగితం వేరు. ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఫోను నంబర్లు, జబ్బుల వివరాలు ఉన్న జాబితాలను ఉన్నవి ఉన్నట్టు వెబ్‌సైటులో పెట్టడం సాయం కాదు, దొంగకు తాళం ఇచ్చినట్టే. పారదర్శకత పేరిట బీదల గుట్టు బజారున పెట్టరాదు.

ఈ పనికి మనుషులు లేరనడానికి వీల్లేదు. తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉన్నది. దాపునే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి విద్యార్థులు సెలవుల్లో ఒక్కొక్క లంక గ్రామాన్ని ఎంచుకొని వెబ్‌సైటు తయారు చేసి, ఊరి కుర్రవాళ్ళకు నేర్పి వెళ్ళవచ్చు. నేర్పి వెళ్ళడమే ముఖ్యం. లేకుంటే మరుసటి ఏడాదికి ఆ వెబ్‌సైటు గుర్రపుడెక్క పట్టిన కాలువలా మూసుకుపోతుంది.

కొల్లేరు గీత అయిదా, మూడా అన్నది ప్రభుత్వాలు, న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. అందులో ప్రజలు తమ మాట చెప్పుకోవాలంటే ముందు కాగితం చదివి ఉండాలి. వచ్చే గ్రామసభలో సర్పంచులు ఈ అంశాన్ని చర్చకు పెట్టాలి. జిల్లా అధికారులు కాంటూరు పటాలను సర్వే నంబర్లతో సహా తెలుగులో దించుకొనేందుకు వీలుగా ఇప్పించాలి. పెద్దింట్లమ్మ చల్లని చూపుతో పాటు ఒక చదవదగిన కాగితం కూడ ప్రతి ఇంట ఉండడం లంక ప్రజలకు ఎంతైనా అవసరం.