కాపాడువారి యింటికి కావలి యెవరు?

2023 నవంబరు 13వ తేదీ, దీపావళి మరునాటి ఉదయమున, హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లోని యొక బహుళ అంతస్తుల భవనమందు నేలభాగమున నిల్వచేసిన రసాయనపు డ్రమ్ములకు నిప్పంటుకొని, నల్లని పొగ మెట్లదారి వెంట పై యిండ్లలోని కెగబ్రాకి, తొమ్మిది నిండు ప్రాణములను బలిగొన్న సంగతి నగరవాసు లింకను మరచియుండరు. నిచ్చెనలు వేసి, కిటికీలగుండ స్త్రీలను పసిపిల్లలను క్రిందికి దింపిన దృశ్యములను నాడు దేశమంతయు చూచినది. ఊరంతయు దీపములు వెలిగించుకొని పిల్లలతో టపాకాయలు కాల్చుకొను రాత్రియే అగ్నిమాపక సిబ్బందికి సంవత్సరమందెల్ల మిక్కిలి మెలకువతో నుండవలసిన రాత్రి. అట్టి రాత్రి గడచిన కొలది గంటలలోనే యీ ఘోరము సంభవించినది. నిచ్చెన పట్టిన ఆ మనిషి ఆనాడు ఇంటికి పోయి రెండు ముద్దలు తినగలిగెనో లేదో, కన్ను మూసినంతనే ఆ కిటికీ మరల కనబడెనో లేదో విచారించినవారు మనలో నెందరు?

ఆబిడ్స్‌లోని జనరల్ పోస్టాఫీసు మొదలుకొని నాంపల్లి రైల్వే స్టేషను మీదుగా పబ్లిక్ గార్డెన్సు వరకు గల దూరము నడిచిపోదగినదే. ఈ చిన్న పరిధిలోనే శాసనసభయు, క్రిమినల్ కోర్టులును, యూసుఫైన్ దర్గాయు, నీలోఫర్ ఆసుపత్రియు, ఏటేట జనవరిలో తెరచి నెలన్నరపాటు లక్షలాది జనము నాకర్షించు నుమాయిష్ మైదానమును గలవు. ఆ మైదానమందే 2019 జనవరి 30వ తేదీ రాత్రి మంటలు లేచి వందలాది దుకాణములను బూడిద చేసినవి. సభ కూడిన బందోబస్తు, ధర్నా జరిగిన బందోబస్తు, ఉర్సుకు బందోబస్తు, ఆబిడ్స్ మీదుగా గణపతులు తరలిపోవు నిమజ్జనమునకు బందోబస్తు. మన పండుగలన్నియు ఈ పోలీసులకును అగ్నిమాపక సిబ్బందికిని పనిదినములే. "నాయినా, ఈసారి పండుగకన్న ఇంట్ల ఉంటవా?" యని యడుగు బిడ్డకు జవాబు చెప్పలేక, బూట్లు తొడుగుకొనుచు తల వంచుకొను తండ్రులు ఈ నగరమున వేలమంది గలరు.

ఇట్టివారి బడలికను మనము సామాన్యముగా అలసట యని చెప్పి ఊరకుందుము. అలసట యనునది యొక రాత్రి నిద్రతో తీరునది. ఏండ్ల తరబడి పేరుకొనిన యీ బడలిక నిద్రతో తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని వృత్తిసంబంధమైన యవస్థగా వర్ణించుచు మూడు లక్షణములను పేర్కొన్నది: శక్తి పూర్తిగా నుడిగిపోవుట, చేయుచున్న పనియెడ మనసు దూరమగుట, ఆ పనిని చక్కగా చేయగల సామర్థ్యము సన్నగిల్లుట. దీనికి మూలము చక్కదిద్దని దీర్ఘకాలపు పని ఒత్తిడి యని యా సంస్థయే చెప్పియున్నది. కావున దోషమును మనిషి గుండెనిబ్బరమందు వెదకుట అన్యాయము. దానిని డ్యూటీ పట్టికలో వెదకవలెను.

ఆ పట్టికలోని దోషము మొదట బయటపడునది ఇంటియందు. డ్యూటీ ముగించి వచ్చినవాని ఒడలు మంచముమీద నుండగా మనసు ప్రమాదస్థలమునందే తిరుగుచుండును. భార్య రెండుసార్లు పలుకరించిన గాని పలుకడు; పిల్లవాడు గిన్నె జారవిడిచిన చప్పుడుకే కసరుకొనును; తరువాత తన మాటకు తానే నొచ్చుకొని గోడవైపు తిరిగి పరుండును. పిల్లల చదువు, వృద్ధులైన తలిదండ్రుల మందులు, బంధువుల శుభాశుభములు, సమస్తమును ఆ యింటి యిల్లాలే మోయుచున్నది. ఆమెకు వేతనము లేదు, పతకము లేదు, సెలవును లేదు.

2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు పటాలములకు చెందిన కానిస్టేబుళ్ల భార్యలు పసిబిడ్డలను చంకనెత్తుకొని రోడ్లమీదికి వచ్చినది ఈ భారము మోయలేకయే. సెలవుల పద్ధతిని మార్చుచు వెలువడిన ఉత్తరువు వారి ఓర్పునకు కడపటి పరీక్షయైనది. తమ భర్తలను ఊరూర త్రిప్పక ఒకచోట నిలుపుమనియు, రాష్ట్రమంతటను ఒకే పోలీసు విధానమును నెలకొల్పుమనియు వారు వేడుకొనిరి. ఆ యుత్తరువు నిలిపివేయబడినది గాని, పిమ్మట కానిస్టేబుళ్లును ఆందోళనకు దిగగా 39 మంది సస్పెండు చేయబడిరి, 10 మంది ఉద్యోగమునుండి తొలగింపబడిరి. క్రమశిక్షణ లేని బలగము ప్రజలకు ప్రమాదకర మనుమాట నేనును అంగీకరింతును. అయితే యూనిఫారము ధరించినవాడు నోరు మెదపరాని చోట ఇల్లాలు వీధికెక్కి చెప్పవలసివచ్చిన దనగా, వినవలసినవారు చాలకాలముగా వినలేదని యర్థము.

వినుటకు సాధనములు లేకపోలేదు. మన నగరమందలి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కేంద్ర పోలీసు పరిశోధనా సంస్థ కొరకు జరిపి 2014లో ప్రకటించిన అధ్యయనమున, దేశమందలి పోలీసు స్టేషను సిబ్బందిలో దాదాపు నూటికి 90 మంది దినమునకు 8 గంటలకు మించి పనిచేయుచున్నారనియు, తమ సిబ్బందికి నెలకొక్క వారపు సెలవైనను దొరకుట లేదని నూటికి 73 మందికి పైగా స్టేషను అధికారులు ఒప్పుకొనిరనియు తేలినది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై దేశమునకు మార్గదర్శకమైన 108 అంబులెన్సు సేవలో పైలట్లనబడు డ్రైవర్లును ఈఎంటీలనబడు వైద్యసహాయకులును తమ 12 గంటల డ్యూటీని 8 గంటలకు తగ్గింపుమని పలుమార్లు ఆందోళన చేసియున్నారు.

ఇందు కొక చిన్న లెక్క చాలును. రేయింబవళ్లు ఖాళీగా నుండరాని యొక స్థానమునకు వారమునకు 168 గంటలు. మనిషికి వారమునకు 48 గంటల పని యనుకొన్నచో ఆ స్థానమునకు మూడున్నర మంది కావలెను. సెలవులు, శిక్షణ, అనారోగ్యము కలుపుకొన్న నలుగురు కావలెను. ఇద్దరితోనే నడపినచో ఒక్కొక్కరికి 84 గంటలు పడును. మిగులు 36 గంటలను ఖజానా ఎచటనుండి తెచ్చుచున్నది? ఆ యింటినుండి: బిడ్డకు కథ చెప్పవలసిన వేళనుండి, తల్లిని డాక్టరువద్దకు తీసికొనిపోవలసిన పూటనుండి, నిద్రనుండి. ఏ బడ్జెటు పుస్తకమునందును వ్రాయబడని యప్పు ఇది.

ఆపదకు గడియారము లేదు, కావున ఆపద్రక్షకులకును గడియారము పనికిరాదని కొందరు పెద్దలు చెప్పుదురు. రైలుబండియు రాత్రి యనక పగలనక నడచును. అయినను నాంపల్లి స్టేషనునుండి బండిని కదలించు లోకో పైలటుకు పనిగంటల పరిమితియు విశ్రాంతి నియమములును గలవు. నిద్రలేని కన్ను సిగ్నలును దాటిపోవునని రైల్వేవారు ఎన్నడో గుర్తించిరి. నిద్రలేని చేయి నిచ్చెనమీద పట్టు తప్పదా? నిద్రలేని పైలటు అంబులెన్సును మలుపులో అదుపు చేయగలడా? ముంబయిలో 2016లో దేవనార్ పోలీసు స్టేషనున ఒక కానిస్టేబులు సూచన ననుసరించి 8 గంటల షిఫ్టులను ప్రయోగముగా ప్రవేశపెట్టి, మరుసటి ఏట ఇతర స్టేషనులకు విస్తరించిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో పోలీసులకు వారపు సెలవు నమలులోనికి తెచ్చిరి. సంకల్పము కలిగినచో దారి లేకపోలేదు. అయితే చాలినంత సిబ్బందిని నియమింపనిదే ఏ సెలవైనను కాగితముమీదనే నిలుచును.

కావున ప్రభుత్వమును నేను కోరునవి మూడు. అగ్నిమాపక, అంబులెన్సు, పోలీసు విభాగములలోని ఖాళీలను ఈ 168 గంటల లెక్కతోనే నిర్ణయించి పూరింపవలెను. బజార్‌ఘాట్ వంటి దుర్ఘటనలలో శవములను మోసినవారికి మరునాడు విధిగా విశ్రాంతియు, మనోవైద్యుని సహాయమును, అది సర్వీసు రికార్డున మచ్చ కాకుండునట్లు, కల్పింపవలెను. డ్యూటీ పట్టిక కనీసము నెల ముందుగా ఇంటికి తెలియవలెను. అప్పుడు గదా బిడ్డ ప్రశ్నకు తండ్రి నిజమైన జవాబు చెప్పగలడు.

పాఠకులారా, రేపు మీ యింట పొగ లేచినపుడు 101కి ఫోను చేయుదురు. మీ తండ్రికి గుండెనొప్పి వచ్చినపుడు 108కి చేయుదురు. వచ్చు మనిషి నిద్రచాలిన కన్నులతో రావలెనని కోరుకొనుట మీ స్వార్థమునకు సైతము మేలైనది. ఓటడుగ వచ్చిన ప్రతి నాయకుని ఈ లెక్క యడుగుడు. ఆ 36 గంటలు ఆ యింటివి. వానిని ఆ యింటికి మరల నిప్పింపుడు.